పడుగు కింద దొరికిన చెవులపిల్లులు

పోయిన నెల మా కాలనీ పక్కన చేనేత బట్టల ఎగ్జిబిషన్ పెడితే ఊరికే చూసొద్దామని వెళ్ళాను. చీర విప్పి చూపిస్తే ఆడవాళ్ళెవరైనా కొంగు చూస్తారు, అంచు చూస్తారు. నేను మడత మధ్యలో ముక్కు పెట్టి వాసన చూశాను. అమ్మేటాయన గాభరా పడ్డాడు. "కొత్త చీరనే అమ్మా, ఎవరూ కట్టలేదు" అన్నాడు. గంజి వాసన చూస్తున్నానని చెబితే నమ్మినట్టు కనబడలేదు. నాతో వచ్చిన కోడలు సిగ్గుపడి నాలుగడుగులు అవతలికి జరిగి, నేనెవరో తెలియనట్టు దుప్పట్లు చూడటం మొదలుపెట్టింది.

ఆ చీరలో గంజి ఉంది కానీ అది మా ఇంటి గంజి కాదు. మా గంజిలో పులుపు ఉండేది. జొన్నపిండి, నూకలు కలిపి ఉడికించి, రెండు రోజులు కుండలో మూతపెట్టి ఉంచితే వచ్చే పులుపు అది. మా వాడలో పుట్టిన వాళ్ళకు ఆ వాసన తగిలితే ఇల్లో, అమ్మో, బాపో గుర్తుకు రావాలి. నాకు ముందు రెండు చెవులపిల్లులు గుర్తొస్తాయి. కుందేలును మా వైపు చెవులపిల్లి అంటారు. పుస్తకంలో కుందేలు అని చదివినప్పుడు అది వేరే జంతువేమో అనుకున్నాను చాలా రోజులు.

మా ఇల్లు వరంగల్ చివర, వర్ధన్నపేట రోడ్డు వైపు, మగ్గాల వాడలో ఉండేది. ఇల్లంటే ముందు గదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని బాపు పొద్దస్తమానం నేస్తుండేవాడు. మిగిలిన చోట్లో మేం బతికేవాళ్ళం. చుట్టాలొస్తే మగ్గం పక్క నుంచి ఒళ్ళు ముడుచుకుని లోపలికి రావాలి. లావుపాటి చుట్టాలు అరుగు మీదే కూర్చుని మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. వాడ మొత్తం మీద ఒకటే చప్పుడు పొద్దున్నుంచి చీకటి పడేదాకా. ఆ చప్పుడులోంచే మా నాయనమ్మ వార్తలు ఏరుకునేది. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆగి, "మూలింటోనికి పోగు తెగింది" అనేది. కాసేపటికి, "ఇంకా అతకలే, బీడీ తాగవొయ్యిండు" అనేది. నేను బడి నుంచి రాగానే ఆమె పక్కన కూర్చుని కండెలు చుట్టాలి. కండె అంటే నాడెలో, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఆ చెక్క పడవలో, పెట్టే చిన్న నూలు చుట్ట. బాపు నేసే వేగానికి మేమిద్దరం చుట్టినా చాలేవి కావు.

ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, నేయడం పూర్తయ్యాక చివర జానెడు నూలు నేతకు అందకుండా మిగిలిపోతుంది. దాన్ని కోసేస్తారు. మేం వాటిని పడుగు కొసలు అనేవాళ్ళం. గంజి పట్టి బిరుసుగా, వెంట్రుకల కుచ్చులా ఉండేవి. గోడకున్న మేకుకు ఎప్పుడూ ఒక కుచ్చు వేలాడుతుండేది. మా ఇంట్లో దేన్ని కట్టాలన్నా వాటితోనే. నా జడకు అవే, తొక్కు జాడీ మీది గుడ్డకు అవే, బడిసంచి తెగితే అవే. మంచం తాడు తెగిన రోజు కూడా అమ్మ వాటిని పది పేటలుగా పేని కట్టింది. నేతగాళ్ళ ఇంట్లో చేయి చాపితే ముందు తగిలేవి అవి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. చలికాలం. రోజూ మంచు కురుస్తోంది. కంది చేలు పూత దిగి కాయ పట్టాయి. మా పెదబాపుకు, అంటే బాపు వాళ్ళ అన్నకు, మగ్గం కన్నా వేట మీద మనసు ఎక్కువ. ఆయన నేసిన బట్ట కన్నా చేలెంట తిరిగిన దూరం ఎక్కువ అని మా నాయనమ్మ దెప్పేది. ఆయనకో సన్నటి నల్ల కుక్క ఉండేది. ఒక సాయంత్రం వాడ వెనక మైదానంలో ఆ కుక్క చెవులపిల్లిని పట్టింది. పెదబాపు దాని చెవులు పట్టుకుని వాడంతా తిప్పి చూపించి మరీ ఇంటికి తెచ్చాడు. తనే కోశాడు, తనే వండాడు. ఆడవాళ్ళను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ధనియాలు, ఎండు కొబ్బరి వేయించి నూరిన వాసన గంజి వాసనను కూడా మించిపోయింది ఆ పూట. మాకు గిన్నెడు పంపించాడు. జొన్నరొట్టెతో తిన్నాం. నేను గిన్నెను రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిన్నాను. ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది, దాచడమెందుకు.

పెదబాపు మరునాడు తెల్లారకముందే బట్టల మూట సైకిలుకు కట్టుకుని వర్ధన్నపేట అంగడికి పోయాడు. అక్కడి నుంచి పల్లెలు తిరిగి అమ్ముకుని రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అదే పొద్దున మా పడుగు చాపారు.

పడుగు చాపడం ఒక్క ఇంటి పని కాదు. నూలు పోగులన్నీ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు బారుగా చాపి, కింద వెదురు కర్రలు నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. గంజి తడి ఆరేలోపు చేయి ఆగిందా, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని పడుగు కట్టెబారిపోతుంది. అందుకని వాడలో ప్రతి ఇంటి నుంచి ఒకరు వస్తారు. ఇవాళ మా పడుగు, రేపు మీది. కూలి లేదు, పిలుపు లేదు. పడుగు ఎవరిదైతే వాళ్ళు చాయ్, సర్వపిండి పెడతారు. సర్వపిండి కోసమే వచ్చే ముసలాయన ఒకాయన ఉండేవాడు. కుంచె పట్టుకునేవాడు కాదు గానీ ఎవరెలా దువ్వాలో అందరికీ చెప్పేవాడు. మగవాళ్ళు ఇటూ అటూ నడుస్తూ మేడారం జాతరకు ఎవరి బండి కట్టాలి, ఎవరి ఎద్దు కుంటుతోంది అని మాట్లాడుకునేవాళ్ళు. చేతులు మాత్రం ఆగేవి కావు.

పిల్లలకు కాపలా పని. మేకలు, కుక్కలు పడుగు కిందికి దూరకుండా చూడాలి. ఆ రోజు నాకు అవతలి చివర పడింది. కంది చేను గట్టు దగ్గర, పడుగు కట్టిన గుంజ పక్కన గొంతుక్కూర్చున్నాను. గుంజ మొదట్లో గడ్డి దుబ్బు ఉంది. చలికి చేతులు గడ్డిలో పెట్టి రుద్దుకోబోతే మెత్తగా తగిలింది. వంగి చూస్తే రెండు పిల్లలు. మట్టి రంగులో, ఒళ్ళంతా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఒకదానికి నుదుటి మీద తెల్లటి చుక్క ఉంది. రెండోది చిన్నది, చుక్క లేదు. కదలలేదు, పారిపోలేదు. చెవులు వీపుకు ఆనించుకుని నన్నే చూస్తున్నాయి.

నాకు రాత్రి గిన్నె గుర్తొచ్చింది. కుక్క పట్టింది ఈ మైదానంలోనే. గిన్నె తుడుచుకుని తిన్నది వీటి తల్లినే అని అర్థమైంది. బాపును పిలుద్దామంటే గంజి తడి మీదున్న పడుగును వదిలి ఎవరూ రారు. నేను అరిస్తే కుంచె ఆగుతుంది, కుంచె ఆగితే పడుగు పోతుంది. అందుకని రెంటినీ పావడాలో వేసుకుని, ఎండొచ్చి పడుగు ఆరేదాకా అట్లాగే కూర్చున్నాను. ఒళ్ళో వాటి గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. వాటికి చెప్పలేదు గానీ మనసులో వంద దండాలు పెట్టుకున్నాను.

పడుగు చుట్టడం అయ్యాక బాపు వచ్చి చూశాడు. మోచేతుల దాకా గంజి.

"ఏడ దొరికినయో గాడ్నే ఇడ్సిపెట్టు బిడ్డా. అడివి జీవాలు మనకాడ బతుకయి" అన్నాడు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఎవలున్నరని ఇడ్సిపెడ్తవురా? రాత్రి రొట్టెల నంజుకున్నది ఏంది మరి? తల్లిని మనమే తింటిమి. పిల్లల మనమే సాదాలె."

బాపు గంజి చేతులు కడుక్కోవడానికి పోయాడు. నాయనమ్మ ఒకసారి తేల్చేసిందంటే మా ఇంట్లో అంతే. ఆమెకు కూడా రాత్రి గిన్నెలో వాటా ఉంది మరి.

కండెల గంప ఖాళీ చేసి, అందులో పాత దుప్పటి ముక్క పరిచి, వాటిని మగ్గం వెనక గోడ వారగా పెట్టాం. పాల కోసం పక్కింటి అత్త దగ్గరికి పోయాను. ఆమెకో మేక ఉండేది. ఆ మేకకూ నాకూ పాత తగాదా ఉంది కానీ ఆ రోజు ఏమీ అనకుండా నిలబడింది. అత్త గ్లాసులో పాలు పిండుతూ, "మంచిగ సాదు బిడ్డా. ఓ నెలకు నాకిస్తే పులుసు పెడ్త, నీక్కూడా ఓ ముక్కేస్త" అంది. నేను ఏడుపు మొహం పెట్టేసరికి, "అయ్యో, ఉత్తగనే అన్ననే పిచ్చిదానా" అని ఇంకో పిండు పిండింది.

నాయనమ్మ గంజి తగలని పేక నూలు చిలప కట్టలోంచి నాలుగు పోగులు లాగి, వేడినీళ్ళలో ఉడికించి, మెత్తటి వత్తి పేనింది. పాలలో ముంచి నోటికి అందిస్తే చుక్క ఉన్నది గట్టిగా చీకింది. చిన్నది మూతి తిప్పుకుంది. దాని పెదాలకు పాలు తడిపి, ఆగి, మళ్ళీ తడిపి, నాయనమ్మ కూర్చునే ఉంది. పొయ్యి మీద కూర మాడింది. అమ్మ సణిగింది. "మమ్మల్ని గిట్ల సాదినవా అత్తా ఎన్నడన్న?" అంది. "నిన్ను నేను కన్ననా ఏంది?" అని నాయనమ్మ మళ్ళీ చిన్నదాని మూతి తడిపింది.

"గీ వత్తి తప్ప ఇంకోటి పెట్టకు" అని నాకు చెప్పింది. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

నాడె చప్పుడుకు అవి రెండూ బిగుసుకుపోయేవి. ఆ రోజు బాపు మగ్గం మెల్లగా నడిపాడు. మూలింటాయన మా గడపలోకి తల పెట్టి, "ఏం బావా, పానం బాగలేదా, చప్పుడు వస్తలేదు?" అని అడిగిపోయాడు. చెవులపిల్లుల కోసమని చెప్పడానికి బాపుకు మొహం చెల్లక, "నడుం పట్టింది" అన్నాడు. సాయంత్రానికి వాడలో ముగ్గురు నడుముకు రాయమని నూనెలు పట్టుకొచ్చారు.

రెండో రోజు బడిలో ఈ సంగతి దాచుకోవడం నా వల్ల కాలేదు. ప్రార్థన అయ్యేలోపే మా తరగతి ఆడపిల్లలందరికీ తెలిసిపోయింది. చూస్తామని వెంటపడ్డారు. ఊరికే చూపించడానికి నాకు మనసొప్పలేదు. "ఒక్కొక్కలు పిడికెడు రేణివండ్లు తేవాలె, అప్పుడే సూపిస్త" అన్నాను. సాయంత్రం ఆరుగురో ఏడుగురో గౌన్ల నిండా రేగుపండ్లు పోసుకుని మా గడప ముందు నిలబడ్డారు. అమ్మ నీళ్ళ కోసం బావికి పోయింది. బాపు చాయ్ తాగడానికి పోయాడు. నాయనమ్మ పక్కింటి అత్త దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇల్లు నా రాజ్యం.

ముందు చుక్క ఉన్నదాన్ని చూపించాను. తర్వాత చిన్నదాన్ని. "పాలు తాగుతయా?" అని అడిగింది ఒకతి. నేను చేతులు తిప్పుకుంటూ తాగిస్తానన్నాను. తీరా చూస్తే వత్తి లేదు. గంప కింద వెతికాను, దుప్పటి దులిపాను, మగ్గం గుంటలోకి వంగి చూశాను. దొరకలేదు. వెనక నుంచి గుసగుసలు. "దీనికి రాదే" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒక్కటి చాలింది నాకు. చేయి చాపాను. మేకుకున్న పడుగు కొసలు అందాయి. నాలుగు పోగులు తెంపి, మెలిపెట్టి, పాలలో ముంచి చిన్నదాని నోట్లో పెట్టాను.

అది చీకింది. రెండు రోజుల నుంచి మూతి తిప్పుకుంటున్నది, ఈ బిరుసు నూలును మాత్రం గట్టిగా పట్టుకుని చీకింది. పులుపు నచ్చిందో, బిరుసుగా ఉండి నోటికి అందిందో తెలియదు. మళ్ళీ ముంచాను, మళ్ళీ చీకింది. నాయనమ్మకే రాని పని నాకు వచ్చిందని నా ఆనందం ఇంతా అంతా కాదు. చుక్క ఉన్నది అప్పటికే మేత తిన్నట్టు గడ్డి పరక నములుతోంది, అందుకని దానికి పెట్టలేదు. పిల్లలు వెళ్ళాక రేగుపండ్లు తింటూ, చిన్నది కడుపునిండా తాగిందని నాయనమ్మకు చెప్పాను. దేంతో తాగించానో చెప్పలేదు. ఆమె నా తల నిమిరింది.

తెల్లారేసరికి చిన్నది చచ్చిపోయి ఉంది. కాళ్ళు చాపుకుని పక్కకు పడి ఉంది. చుక్క ఉన్నది దానికి ఆనుకుని కూర్చునే ఉంది. నేను గంప దగ్గర కూర్చుని పిలిచిన కొద్దీ లేస్తుందేమోనని పిలుస్తూనే ఉన్నాను. బాపు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత పాలగిన్నెలో తేలుతున్న నూలు కుచ్చు చూశాడు. బయటికి తీసి వేళ్ళతో నలిపాడు.

"దీంతోని తాపినవా బిడ్డా?"

తల ఊపాను.

బాపు మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. మంచు రోజుల్లో నూలు ఆరక బూజు పడుతుంది. అందుకని అప్పుడు మాత్రం గంజిలో మైలుతుత్తం కలుపుతారు. నీలంగా మెరిసే రాయి అది, విషం. పొయ్యి పైన ఎత్తుగా, పిల్లలకు అందకుండా పెట్టేవాళ్ళు. ఆ రాయిని ముట్టకూడదని నాకు తెలుసు. అది గంజిలో కలిసి, నూలులోకి పోయి, జడకు కట్టుకునే కొసల్లో కూడా ఉంటుందని తెలియదు.

"పోయిన పడుగుకు తుత్తం ఏసిన. నీకు చెప్పకపోతి. తప్పు నాదే" అన్నాడు బాపు.

కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. తప్పు తన మీద వేసుకునేసరికి నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జడకున్న కొసలు పీకి పారేశాను. నాయనమ్మ చిన్నదాన్ని దుప్పటి ముక్కలో చుట్టింది. పెరట్లో బీరపాదు పక్కన పూడ్చి వచ్చాం. ఆ రోజు బడికి పోలేదు. చుక్క ఉన్నదాన్ని ఒళ్ళోంచి దించలేదు. దీన్ని మాత్రం బతికిస్తానని, పెద్దదయ్యేదాకా నా పక్కలోనే పడుకోబెట్టుకుంటానని దాని చెవిలో ఒట్టు పెట్టాను.

మధ్యాహ్నం దాటాక పెదబాపు సైకిలు గంట వినిపించింది. ఆయనకు ఇంటింటికీ పోయి కబుర్లు చెప్పే అలవాటు. మా గడపలో అడుగుపెట్టి, నా మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు. నేను వెక్కుతూ వెక్కుతూ, తల్లిని తిన్నామనీ, పిల్లను చంపాననీ చెప్పాను. ఆయనకు మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. గంప చూశాక అర్థమైంది.

"తల్లా? తల్లని ఎవలన్నరే?" అన్నాడు.

"నువ్వే పడ్తివి కదరా మొన్న, గా మైదానంల" అంది నాయనమ్మ.

"పట్టిన. నేనే కోసిన. అది పోతు."

బాపు చేతిలో నాడె ఆగింది. నాయనమ్మ రాట్నం వదిలి నేల మీదికి జారి కూర్చుంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడు రోజులు ఆ మాట మాకెవరికీ తట్టలేదు. కోసినవాడు ఊళ్ళో లేడు, ఉన్నవాళ్ళం గిన్నెలో కూర చూశాం. ఆ కూర తల్లిదో తండ్రిదో ఎవరమూ ఆలోచించలేదు.

"మరి తల్లి లేకుంట గడ్డిల రెండే ఎందుకున్నయి?" అని అడిగాను.

పెదబాపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. వేట గురించి ఎప్పుడూ గొంతు పెంచి చెప్పే మనిషి, ఆ పూట మెల్లగా చెప్పాడు. "అది కోడి లెక్క పిల్లల కింద ఏసుకొని కూసోదు బిడ్డా. పొద్దంతా దూరం పోయి పండుకుంటది. దగ్గర ఉంటే నా అసుంటోడు, నా కుక్క అసుంటిది పసిగడ్తది గద. పొద్దుగూకినంక ఒక్కపారి అచ్చి పాలిచ్చి పోతది. అందాక పిల్లలు గా దుబ్బులనే కదలకుంట ఉంటయి."

"ఇప్పుడు కూడ అస్తాందా?"

"మూడు పొద్దులాయె. అస్తాందో, ఇడ్సిపెట్టిందో, ఎవలకెరుక."

అందరూ నా ఒళ్ళో ఉన్నదాన్ని చూస్తున్నారు. నేను దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "ఇయ్య. ఇది నాది. దీన్ని నేను బతికిస్త" అన్నాను. నాకు నిజంగానే ఇవ్వాలని లేదు. ఒకదాన్ని చంపినదాన్ని, రెండోదాన్ని సాది పెద్ద చేస్తే లెక్క సరిపోతుందని నా పిల్లబుద్ధి. తీసుకుపోతే ఇక నాకు సరిచేసుకోవడానికి ఏమీ మిగలదు.

నాయనమ్మ లాక్కోలేదు. పక్కన కూర్చుని చుక్క మీద వేలు పెట్టి రాసింది. "నీకాడ గుడ మంచిగనే ఉంటది బిడ్డా. నాకు తెల్వదా? గని దాని తల్లి ఏం జెయ్యాలె చెప్పు" అంది.

పొద్దు వాలుతుండగా దాన్ని ఎత్తుకుని లేచి నిలబడ్డాను.

పెదబాపు కుక్కను ఇంట్లో కట్టేశాడు. మైదానానికి పోయాక కంది ఆకులు తెంపి నలిపి, పిల్ల ఒళ్ళంతా రాశాడు, మనుషుల వాసన పోవాలని. నా చేతులకు కూడా రాయించాడు. అదే గుంజ, అదే గడ్డి దుబ్బు. దాన్ని అందులో కూర్చోబెట్టాను. వదిలిన వెంటనే చెవులు వీపుకు ఆనించుకుని, మొన్న చూసినట్టే ఉండిపోయింది. వెనక్కి తిరిగి నడవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. గట్టు వెనక నాయనమ్మ, నేను, పెదబాపు పక్కపక్కనే బోర్లా పడుకున్నాం. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా పడుకుంది. వాడలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోతోంది. పొయ్యిల పొగ మైదానం మీదికి పాకింది. తల్లి రావాలని మొక్కాను, రాకూడదని కూడా మొక్కాను. రాకపోతే దాన్ని మళ్ళీ ఇంటికి తీసుకుపోవచ్చు కదా.

వచ్చింది.

కంది చేలోంచి ఎప్పుడొచ్చిందో చూడలేదు. చూసేసరికి గట్టు మీద నిలబడి చెవులు ఎత్తి వింటోంది. రెండు గెంతులు, ఆగడం. ఇంకో గెంతు, ఆగడం. దుబ్బు దగ్గరికి వచ్చి ముక్కు పెట్టింది. పిల్ల దాని కిందికి దూరింది. తల్లి వెనక కాళ్ళ మీద నిటారుగా కూర్చుని అటూ ఇటూ చూస్తుంటే, పిల్ల తాగింది. మూడు రోజులు మేం వత్తులతో, చుక్కలు చుక్కలుగా పోసినదంతా కలిపినా ఆ కొద్దిసేపట్లో తాగినదానికి సరిపోదనిపించింది. పెదబాపు ఊపిరి గట్టిగా వదిలాడు. నాయనమ్మ చెంపలు తడిసి ఉన్నాయి. నా చేయి పట్టుకుంది.

తాగడం అయిపోయింది. పెదబాపు చెప్పిన ప్రకారం అయితే తల్లి వెంటనే వెళ్ళిపోవాలి. పోలేదు. మళ్ళీ దుబ్బులో ముక్కు పెట్టింది. దుబ్బు చుట్టూ తిరిగింది. గుంజ అవతలికి పోయి గడ్డిలో వాసన చూసింది, తిరిగి వచ్చింది, పిల్ల పక్కనున్న ఖాళీ చోటును ముక్కుతో తోసింది. మళ్ళీ చుట్టూ తిరిగింది. మేం పడుగు కర్రలు పాతిన గుంటలు ఒక్కొక్కటీ వాసన చూసుకుంటూ మైదానం సగం దాకా పోయి వచ్చింది.

"ఇంకా ఎందుకు పోతలేదు?" అన్నాను నాయనమ్మ చెవిలో.

ఆమె కొంగుతో చెంపలు తుడుచుకుంది.

"రెండోదాన్ని దేవులాడుతాంది బిడ్డా" అంది.

ఆ తర్వాత పెదబాపు వేట మానేశాడని రాస్తే బాగుంటుంది. మానలేదు. కానీ చెవులపిల్లి దొరికిన రోజు మా ఇంటికి గిన్నె పంపేవాడు కాదు. బాపు మైలుతుత్తం వేసిన పడుగు కొసలను మేకుకు వేలాడదీయకుండా పొయ్యిలో వేసేవాడు. కొన్నేళ్ళకు పవర్‌లూమ్‌లు వచ్చి వాడలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. గుంటలు మట్టితో పూడ్చి పైన గచ్చు చేసుకున్నారు. మైదానంలో ఇళ్ళు లేచాయి. పెదబాపు, బాపు, నాయనమ్మ వరసగా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ సాయంత్రం చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఈ కథ నా పిల్లలకు చెప్పాను, మనవలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తల్లి వచ్చి పాలిచ్చింది అనే చోట ఆపాను. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక్క పిల్లనే ఇంటికి తెచ్చినట్టు చెప్పేదాన్ని. రెండు అని ఎన్నడూ చెప్పలేదు.